ఆకాశయానమున అంతస్సాక్షి

(పఠనమందిర సభ్యుల యెదుట మేము చేసిన యుపన్యాసపు పాఠము)



ఆకాశమున పోవు విమానము తానెక్కడ నున్నదో, ఎటు పోవుచున్నదో ఎట్లు తెలిసికొనుచున్నది? ఈ ప్రశ్న బడిపిల్లవాడు వేయదగినది. దీనికి తృప్తికరమైన సమాధానము చెప్పుటకు మాత్రము శాస్త్రజ్ఞులకు రెండున్నర శతాబ్దములకు పైగా పట్టినది. నేలమీద నడచువానికి మైలురాళ్లు కలవు. దారి తప్పినచో పొలములోని కాపును అడిగి తెలిసికొనవచ్చును. ఓడ నడపువానికి తీరమున దీపస్తంభములు, మింట నక్షత్రములు కలవు. మబ్బులు క్రమ్మిన నడిరేయి, నేలకు 10 కిలోమీటర్ల యెత్తున, గంటకు 900 కిలోమీటర్ల వేగముతో మహాసముద్రము మీదుగా పోవు విమానమునకు ఇవి యేవియు కనబడవు. అయినను అది పొరపాటు లేక తన గమ్యమును చేరుచున్నది.

ఉపగ్రహములు దారి చెప్పును గదా యని మీలో పలువురు తలచుచుందురు. చెప్పుచున్నవి, నిజమే. కాని అమెరికావారి జి.పి.యస్. ఉపగ్రహములు భూమికి 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్నవి. అంత దూరమునుండి వచ్చు సంకేతము మనలను చేరునప్పటికి మిక్కిలి బలహీనమై యుండును. ఒక చిన్న యంత్రముతో దానిని అణచివేయవచ్చును. దొంగ సంకేతము పంపి విమానమును మోసగింపనువచ్చును. ఇటీవలి సంవత్సరములలో బాల్టిక్ సముద్ర ప్రాంతమునను, తూర్పు మధ్యధరా ప్రాంతమునను ప్రయాణికుల విమానములకు ఇట్టి యిక్కట్లు పలుమారులు కలిగినవి. అదియుగాక పరుల చేతిలోని దీపము వారు పట్టినంతసేపే మనకు వెలుగు నిచ్చును. ఆ జి.పి.యస్. సంకేతమును సైన్యమునకు స్వచ్ఛముగను, సామాన్యజనులకు బుద్ధిపూర్వకముగా మసకబారజేసియు ఇచ్చు పద్ధతిని అమెరికా ప్రభుత్వము 2000 సంవత్సరము మే నెల మొదటివరకు నడపెను.

వెలుపలినుండి ఏ మాటయు వినక, ఏ గురుతును చూడక, ఏ సంకేతమును పంపక, తన గర్భములోనే దారి తెలిసికొను ఉపాయము మరియొకటి కలదు. దానికి జడత్వ మార్గదర్శనమని పేరు. నేడు మేము ముచ్చటింప దలచినది దానినిగూర్చియే. ఇది కేవలము యంత్రశాస్త్రజ్ఞుల విషయము కాదు. విమానమెక్కు ప్రతివాని ప్రాణము దీనిపై నాధారపడియున్నది. దేశముల బలాబలములు కూడ కొంతవరకు దీనిపై నాధారపడియున్నవి.

మూలసూత్రము అందరికిని అనుభవమున నున్నదే. కిటికీలన్నియు మూసిన రైలుపెట్టెలో కన్నులు కట్టుకొని కూర్చున్నట్లు భావింపుడు. బండి కదలినప్పుడు వీపు వెనుకకు ఒత్తుకొనును. ఆపునప్పుడు దేహము ముందునకు తూలును. వంపు తిరిగినప్పుడు ప్రక్కకు ఒరగును. సమవేగముతో తిన్నగా పోవుచున్నప్పుడు మాత్రము కదలుచున్నామో నిలిచియున్నామో తెలియదు. దేహము వేగమును ఎరుగదు. వేగములోని మార్పును మాత్రమే ఎరుగును. 1687లో న్యూటను మహాశయుడు తన గ్రంథమున చెప్పిన చలనసూత్రముల సారమిదియే. వేగములోని మార్పునకు త్వరణమని పేరు. దానిని కొలుచు సాధనము త్వరణమాపకము.

త్వరణము తెలిసినచో తక్కినదంతయు లెక్కయే. బండి నిలుకడనుండి బయలుదేరి, సెకండు సెకండునకు 1 మీటరు చొప్పున 20 సెకండ్లు వేగము పుంజుకొన్నదనుకొందము. అప్పటికి దాని వేగము సెకండుకు 20 మీటర్లు. ఆ కాలములో అది పోయిన దూరము 200 మీటర్లు. తరువాత 100 సెకండ్లు ఏ ఒత్తిడియు లేదు. అనగా వేగము మారలేదు. మరియొక 2,000 మీటర్లు పోయినది. మొత్తము 2,200 మీటర్లు. కిటికీ తెరువకయే మనమెంత దూరము వచ్చితిమో తేల్చుకొంటిమి. వర్తకుడు దినదినము చిట్టా వ్రాసి, ఆవర్జాకు ఎక్కించి, నిల్వ తేల్చుకొనునట్లు, ఈ యంత్రము త్వరణములను కూడి వేగమును, వేగములను కూడి దూరమును తేల్చుకొనును. సెకండునకు వందలమారులు ఈ కూడిక జరుగుచుండును. ముందు వెనుకలకు ఒకటి, కుడి యెడమలకు ఒకటి, పైక్రిందులకు ఒకటి, ఇట్లు మూడు త్వరణమాపకములున్నచో ఏ వైపు కదలినను పద్దులోనికి ఎక్కును.

అయితే త్వరణము ఎంతయో తెలిసినంత మాత్రమున చాలదు. ఏ దిక్కుగానో తెలియవలయును. విమానము లేచును, వాలును, ప్రక్కకు ఒరగును, తిరుగును. మాపకము చూపిన 'ముందు' ఉత్తరమో తూర్పో ఎవరు చెప్పుదురు? ఇచ్చట బొంగరము మనకు సాయపడును. వేగముగా తిరుగు బొంగరము తన యిరుసు దిక్కును అంత సులభముగా విడువదు. ఫ్రాన్సు దేశస్థుడగు ఫూకో 1851లో పారిసు నగరమున పొడవైన లోలకమును వ్రేలాడదీసి భూమి తిరుగుటను జనులకు కన్నులార చూపెను. మరుసటి యేట, అనగా 1852లో, అదే విషయమును తిరుగు చక్రముతో చూపి, దానికి గైరోస్కోపని పేరు పెట్టెను. జర్మనీలో అన్షుట్జ్ 1908 నాటికి, అమెరికాలో స్పెర్రీ 1911 నాటికి దీనితో ఓడలకు దిక్సూచులు నిర్మించిరి. ఇనుము చుట్టునున్నను ఇవి చలింపక నిజమైన ఉత్తరమును చూపును. 1914లో స్పెర్రీ కుమారుడు లారెన్సు పారిసు సమీపమున సీను నదిపై విమానము నడపుచు, తన రెండు చేతులును పైకెత్తి చూపెను; అతని తోడివాడు రెక్కపైకి నడచెను; విమానము తొణకలేదు. గైరోస్కోపు దానిని సమముగా నిలిపినది.

త్వరణమాపకములు మూడు, గైరోస్కోపులు మూడు, లెక్కవేయు యంత్రమొకటి, మంచి గడియారమొకటి: ఇదియే పరికరమంతయు. వినుటకు సులభముగానే యున్నది. కాని చేతికి వచ్చుట కష్టమైనది. ఆ కష్టములలో మూడింటిని చెప్పెదము.

మొదటిది భూమ్యాకర్షణము. త్వరణమాపకము ఆకర్షణమును చలనమునుండి వేరుపరుపజాలదు. బల్లమీద కదలక యున్నప్పుడు కూడ తన్ను ఎవరో పైకి నెట్టుచున్నట్లే అది చూపును. తటాలున క్రింద పడునప్పుడు ఏమియు లేదని చూపును. కావున ప్రతిస్థలమున ఆకర్షణమెంతయో ముందుగా లెక్క కట్టి, యంత్రము చూపిన దానితో సరిచూచుకొనవలయును. అందుకు అడ్డము ఏదియో నిలువు ఏదియో సూక్ష్మముగా తెలియవలయును. అడ్డముగా నుండవలసిన మాపకము ఒక్క కళ, అనగా డిగ్రీలో 60వ వంతు, ఒరగియున్నచో ఆకర్షణములోని లేశము చలనమువలె పద్దులో పడిపోవును. 10 నిమిషములలో అది సుమారు అర కిలోమీటరు దొంగదూరమగును. విమానము కదలకున్నను యంత్రము కదలినట్లు నమ్మును!

రెండవది కాలము. దూరపు లెక్కలో చిన్న తప్పు కాలమునుబట్టి పెరుగుటయే కాదు, కాలపు వర్గమునుబట్టి పెరుగును. రెట్టింపు కాలమునకు నాలుగింతలు. వడ్డీపై వడ్డీ కట్టుకొన్నవారికి ఈ బాధ వేరుగ చెప్పనక్కరలేదు. దీనికి కొంత విరుగుడు చూపినవాడు మాక్స్ షూలర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు. భూవ్యాసార్ధమంత పొడవుగల లోలకమొకటి యున్నదనుకొన్నచో అది ఒక ఊపునకు 84.4 నిమిషములు తీసికొనును. యంత్రమును అట్టి లోలకమువలె ప్రవర్తింపజేసినచో, అది భూమి గుండ్రతనము వెంట ఎంత వేగముగా పోయినను నిలువుదిక్కును మరువదు. తప్పు హద్దు లేక పెరుగుటకు మారుగా ఆ కాలము చొప్పున అటునిటు ఊగుచుండును. 1923లో షూలర్ ప్రకటించిన ఈ విషయము నేటికిని ఈ శాస్త్రమునకు వెన్నెముకవంటిది. అయినను గైరోస్కోపు మెల్లమెల్లగా తన దిక్కునుండి జారుచుండును. ప్రయాణికుల విమానములలోని మంచి యంత్రములు సైతము వెలుపలి సాయము లేనిచో గంటకు సుమారు ఒకటి రెండు నాటికల్ మైళ్లు తప్పుచుండును.

మూడవది ప్రారంభము. ఈ యంత్రము తాను ఎంత కదలినదో చెప్పును గాని, ఎక్కడ మొదలుపెట్టినదో చెప్పజాలదు. నేలమీద నిలిచియుండగా ఆకర్షణమునుబట్టి నిలువును, భూభ్రమణమునుబట్టి ఉత్తరమును అది తానే కనుగొనును; భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుచున్నది గదా. దీనికి కొన్ని నిమిషములు పట్టును. అంతవరకు విమానము కదలరాదు. కాని బయలుదేరు చోటి అక్షాంశ రేఖాంశములను మనుష్యులే అందించవలయును. అవి తప్పైనచో ఆదిలోనే హంసపాదు. ప్రారంభపు నిల్వ తప్పువ్రాసిన పద్దు ఎంత శ్రద్ధగా కూడినను కడకు తప్పే తేలును.

ఈ శాస్త్రము మొట్టమొదట పెద్దయెత్తున వాడబడినది లోకహితమునకు కాదని చెప్పుటకు విచారించుచున్నాము. జర్మనులు నిర్మించిన వి-2 రాకెట్టు 1942 అక్టోబరు 3వ తేదీన మొదటిసారి జయప్రదముగా ఎగిరెను. దానిలో గైరోస్కోపులు దిక్కు నిలుపగా, ఒక త్వరణమాపకము వేగమును కూడుచు, కావలసిన వేగము రాగానే ఇంధనము నాపివేయుచుండెను; ఆపై అది విసరిన రాయివలె పోయి పడుచుండెను. 1944 సెప్టెంబరునుండి అవి లండను నగరముపై పడజొచ్చెను. గురి కిలోమీటర్ల కొలది తప్పుచుండుటచే అవి పడినచోట నివాసగృహములే కూలిపోయెను. వానిని నిర్మించుటకై భూగర్భ కర్మాగారములలో నిర్బంధింపబడిన బందీలు వేలకొలది మడిసిరి. శాస్త్రమును మెచ్చుకొనువారు ఈ సంగతిని మరువరాదు.

యుద్ధానంతరము అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున చార్లెస్ స్టార్క్ డ్రేపర్ అను ఆచార్యుడు ఈ విద్యను పరిపూర్ణము చేయ పూనుకొనెను. 1953 ఫిబ్రవరిలో ఆయన తన యంత్రమును ఒక బి-29 విమానమున నెక్కించి మసాచుసెట్సునుండి లాస్ ఏంజిలిసుకు, అనగా ఖండమున ఒక అంచునుండి మరియొక అంచునకు పయనించెను. దారి యంతయు యంత్రమే చూపినది. ఆ యంత్రపు బరువు ఒక టన్నుకు మించినది. 1958 ఆగస్టు 3వ తేదీన నాటిలస్ అను జలాంతర్గామి ఇట్టి యంత్రము సాయముననే మంచుగడ్డల క్రిందుగా పోయి ఉత్తరధ్రువమును దాటెను. నీటి క్రింద నక్షత్రములు లేవు. ధ్రువమునొద్ద అయస్కాంతపు దిక్సూచి అక్కరకు రాదు. అట్టిచోట తనలోని లెక్క తప్ప వేరు దిక్కు లేదు.

అప్పటి యంత్రములలో బొంగరములును మాపకములును వలయములలో వ్రేలాడు ఒక పీఠముపై నుండెడివి. యానము ఎంత తిరిగినను పీఠము తన దిక్కును విడువక యుండెడిది. గణకయంత్రములు చురుకైన పిదప ఆ వలయములను తీసివేసి, మాపకములను యానపు దేహమునకే బిగించి, తిరుగుడునంతయు లెక్కలోనే సవరించుకొను పద్ధతి వచ్చినది. బొంగరమునకు బదులు వెలుగే వచ్చినది. మూసిన త్రోవలో రెండు కిరణములను ఎదురెదురుగా త్రిప్పినచో, త్రోవ తిరిగినంతనే రెండింటికిని భేదము కనబడును. ఈ భేదమును 1913లో సాన్యాక్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చూపెను. 1963లో లేసరు కిరణముతో దానిని ప్రయోగమున నిలిపిరి. 1980వ దశకమున బోయింగు 757, 767 విమానములతో అది ప్రయాణికుల సేవకు వచ్చినది. అరుగు భాగములు తక్కువ, నమ్మకము ఎక్కువ. నేడు మీ చేతిఫోనులో గోరుకన్న చిన్నదైన సిలికాను తునుకపై కంపించు గైరోస్కోపు కూడ ఈ కుటుంబములోనిదే. కాని దాని లెక్క నిమిషములోపలనే చెదరును గనుక దానిని నమ్మి సముద్రము దాటరాదు.

ఈ విద్య ఎంతటి ఆపదలో ఆదుకొనగలదో చెప్పుటకు ఒక్క దృష్టాంతము చాలును. 1969 నవంబరు 14వ తేదీన అపోలో 12 చంద్రునికై బయలుదేరినది. పైకి లేచిన 36 సెకండ్లకు ఒక పిడుగు, 52 సెకండ్లకు మరియొక పిడుగు దానిని తాకినవి. వ్యోమగాములున్న గదిలో విద్యుచ్ఛక్తి తారుమారైనది. వారి మార్గదర్శక పీఠము దిక్కు కోల్పోయి తిరుగజొచ్చినది. అయినను క్రిందనున్న శాటరన్ రాకెట్టునకు వేరుగా తన సొంత మార్గదర్శక యంత్రము కలదు. అది పిడుగుపాటుకు చెదరక తన లెక్క తాను వేసికొనుచు రాకెట్టును సరియైన కక్ష్యకు చేర్చినది. కక్ష్య చేరిన పిదప కాన్రాడ్, గోర్డన్, బీన్ అను ఆ మువ్వురును నక్షత్రములను చూచి, చెడిన తమ పీఠమునకు తిరిగి దిక్కు నేర్పిరి. అయిదు దినముల తరువాత కాన్రాడ్, బీన్ లు చంద్రునిపై దిగినచోటు, రెండేండ్ల క్రిందట అచ్చట దిగియున్న సర్వేయరు 3 అను యంత్రమునకు 200 మీటర్ల లోపుననే యుండెను.

ఇందులో మనము గమనింపవలసినది రెండు విషయములు. తనలో తనకు లెక్క యుండుటచే రాకెట్టు నిలిచినది. లెక్క చెడినప్పుడు వెలుపలి నక్షత్రమును చూచి దిద్దుకొనుటచే వ్యోమగాములు నిలిచిరి. స్వయంశక్తికి దిద్దుబాటు శత్రువు కాదు. 1960లో కాల్మన్ అను గణితవేత్త ప్రకటించిన సూత్రము ఈ దిద్దుబాటుకే ఏర్పడినది. తనలోని లెక్క ఒక సాక్షి. నక్షత్రమో ఉపగ్రహమో రెండవ సాక్షి. ఎవరి మాట ఏ వేళ ఎంత నమ్మదగినదో తూచి, ఇద్దరి మాటలనుండి మంచి తీర్పు తీయుటయే ఆ సూత్రపు పని. అపోలో యానములలో దానిని వాడిరి. నేటి విమానములన్నిటను ఏదో యొక రూపమున అదే జరుగుచున్నది. ఉపగ్రహపు మాట ఉన్నట్టుండి విపరీతముగా తోచినచో, లోని లెక్క దానిని అనుమానింపవలెనని హెచ్చరింపగలదు.

ఇంతవరకు యంత్రపు ఘనత చెప్పితిమి. ఇక మనుష్యుల యేమరుపాటునుగూర్చి చెప్పవలసియున్నది. ఇది చెప్పనిచో మా యుపన్యాసము సగమే యగును.

1983 సెప్టెంబరు 1వ తేదీన కొరియా దేశపు ప్రయాణికుల విమానమొకటి అలాస్కానుండి సియోలునకు పోవుచు సోవియట్టు గగనములో ప్రవేశించి, సఖాలిన్ ద్వీపము దాపున యుద్ధవిమానముచే కూల్చబడినది. 269 మంది మరణించిరి. అందులో జడత్వ యంత్రములు మూడు కలవు. 1993లో అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ తేల్చినదేమనగా, ఆటోపైలట్టు ఆ యంత్రముల మాటను అనుసరించుటకు మారలేదు; ఒకే దిక్కును పట్టుకొని పోవు పద్ధతిలోనే యుండిపోయినది. ఆ చోదకులు గంటలకొలది అది గమనింపలేదు. దారి చెప్పువాడు ప్రక్కనే యున్నాడు; అతని మాట వినునట్లు మీట త్రిప్పబడలేదు. నిరాయుధమైన విమానమును కూల్చినవారి పాపము వారిదే. కాని త్రోవ తప్పుటకు మూలము ఈ చిన్న మీటయే. ఆ ఘోరమునకు పిమ్మటనే అమెరికా అధ్యక్షుడు రీగన్ జి.పి.యస్. సంకేతమును సర్వదేశముల పౌరవిమానములకు ఉచితముగా అందజేయుదుమని ప్రకటించెను.

1996 జూన్ 4వ తేదీన ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్టు తన మొదటి ప్రయాణముననే, బయలుదేరిన సుమారు 40 సెకండ్లకు ముక్కలైనది. దాని జడత్వ యంత్రములోని సూత్రావళిని పాత ఏరియాన్ 4 నుండి అట్లే తెచ్చిరి. క్రొత్త రాకెట్టు పాతదానికన్న వేగముగా ప్రక్కకు సాగినది. ఆ సంఖ్యను నిలుపవలసిన చిన్నగదిలో 32,767కు మించిన అంకె పట్టదు. అంకె పొంగిపొరలినది, యంత్రము పని మానివేసినది. అట్టి యాపదకే జంటయంత్రమొకటి పెట్టిరి గదా యందురు. అదియు అదే సూత్రావళిని నడపుచుండెను గనుక అదియు అట్లే పడిపోయెను. యంత్రము చచ్చుచు పలికిన అపస్వరమును ప్రధాన గణకయంత్రము నిజమైన దారియని నమ్మి రాకెట్టును ఒక్కసారిగా త్రిప్పినది. చోద్యమేమనగా, ఆ లెక్క నేల విడిచిన తరువాత ఆ రాకెట్టునకు అవసరమే లేదు. ఒకే గురువునొద్ద ఒకే తప్పు నేర్చిన ఇద్దరు శిష్యులు ఒకరినొకరు దిద్దజాలరు.

2013 జూలై 2వ తేదీన రష్యావారి ప్రోటాన్ రాకెట్టు లేచిన అర నిమిషములో తలక్రిందులై నేల కూలినది. తిరుగుడును కొలుచు సాధనములలో కొన్నింటిని తలక్రిందుగా బిగించిరని విచారణలో తేలినది. పై యేదియో క్రిందు ఏదియో చూపు గుర్తు వానిపై నున్నది. అయినను బిగించినవాడు గమనింపలేదు, పరీక్షించినవాడు గమనింపలేదు. దానితో నాశమైన మూడు ఉపగ్రహములును లోకమునకు దారి చూపుటకై నిర్మించినవే!

మన దేశపు చరిత్ర కూడ ఈ విషయమున స్మరింపదగినది. 1980 జూలై 18వ తేదీన శ్రీహరికోటనుండి రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపిన ఎస్.ఎల్.వి.-3 ముందుగా వల్లించిన పాఠమును అప్పగించు శిష్యునివంటిది. ఏ క్షణమున ఎంత వంగవలెనో ముందే నిర్ణయించి యుంచిరి. దారిలో గాలి నెట్టినను, ఇంధనము హెచ్చుతగ్గులుగా మండినను, క్రొత్త దారి వెదకుకొను నేర్పు దానికి లేదు. తన స్థానమును తాను లెక్కించుకొని దారిని అప్పటికప్పుడు సవరించుకొను విద్య తరువాతి రాకెట్లకు రావలసివచ్చినది. అదే కాలమున, 1987లో, ఏడు సంపన్నదేశములు కూడి క్షిపణి సాధనముల యెగుమతిని అరికట్టు కట్టుబాటు చేసికొన్నవి. సూక్ష్మమైన గైరోస్కోపులు, త్వరణమాపకములు ఆ పట్టికలోనివి. అంగడికి పోయి కొనితెచ్చుకొను మార్గము మూసికొనిపోయినది.

అప్పుడు మనవారు ఏమి చేసిరి? తిరువనంతపురమున ఇస్రోవారి జడత్వ యంత్రశాల ఈ సాధనములను నిర్మించుటకు పూనుకొన్నది. మన హైదరాబాదున 1988లో అబ్దుల్ కలాం గారి పూనికతో రిసెర్చి సెంటర్ ఇమారత్ నెలకొన్నది. క్షిపణులకు కావలసిన మార్గదర్శక సాధనములు దాని ముఖ్యకార్యములలో నొకటి. 1988 ఫిబ్రవరిలో పృథ్వి, 1989 మే 22వ తేదీన అగ్ని ఎగిరినవి. ఆ రెండింటను దేహమునకు బిగించిన జడత్వ యంత్రములే దారి చూపినవి. 1993 సెప్టెంబరు 20వ తేదీన పి.ఎస్.ఎల్.వి. మొదటి ప్రయాణము విఫలమైనది. నియంత్రణపు లెక్కలోని ఒక దోషము దానికి ముఖ్యకారణములలో నొకటిగా తేలినది. మనవారు దోషమును దాచక వెదకి, దిద్ది, 1994 అక్టోబరు 15వ తేదీన జయము గొనిరి. తుదకు 2016 జూన్ నెలలో పై కట్టుబాటు చేసికొన్న దేశముల కూటమిలో మన దేశమే సభ్యదేశముగా చేర్చుకొనబడినది. 2023 ఆగస్టు 23వ తేదీన చంద్రయాన్-3 చంద్రుని దక్షిణభాగమున దిగినప్పుడు లేసరు గైరోస్కోపులతో కూడిన జడత్వ యంత్రమొకటి అందులో నుండెను. ఎత్తును, వేగమును, నేలను చూచు ఇతర సాధనములు దాని లెక్కను దిద్దుచుండెను.

ఈ చరిత్ర వినినప్పుడు ఛాతి ఉబ్బుట సహజము. కాని ఉత్సవముతో తృప్తిపడిన జాతికి ఈ విద్య నిలువదని మా దృఢాభిప్రాయము. గైరోస్కోపు ధూళిలేని గదిలో, తలవెంట్రుక మందములో వందవ వంతును లెక్కచేయు ఓర్పుగల చేతులలో పుట్టును. సాధనమును బిగించు కార్మికుడు బాణపుగుర్తును ఒకటికి రెండుమారులు చూడవలెను. సూత్రావళిని వ్రాయువాడు పాతపద్దును క్రొత్త దుకాణమునకు తెచ్చునప్పుడు ప్రతి అంకెను ప్రశ్నింపవలెను. విమానచోదకుడు తాను త్రిప్పిన మీటను తానే అనుమానింపవలెను. ఈ శ్రద్ధ పాఠశాలలో చేతిపనియందును, అచ్చుకూటమున అక్షరము పేర్చుటయందును, పురపాలక కార్యాలయపు లెక్కలయందును అలవడనిచో రాకెట్టు శాలలోమాత్రము ఆకాశమునుండి ఊడిపడునా?

మరియొక మాట. ప్రయాణికులను ఇల్లు చేర్చు యంత్రమును, నగరములను భస్మము చేయగల క్షిపణిని నడపు యంత్రమును ఒకటే. దారి ఎంత సూక్ష్మముగా తెలిసినను, ఎచ్చటికి పోవలెనో అది నిర్ణయింపదు. గమ్యము వ్రాసి యిచ్చువాడు మనుష్యుడు. ప్రజాప్రభుత్వమున ఆ మనుష్యుని ప్రశ్నించు అధికారము ప్రజలది. ప్రశ్నింపవలెనన్న కొంత తెలిసియుండవలెను. పఠనమందిరములో ఇట్టి విషయములు తెనుగున చర్చించుటకు ఇదియే కారణము.

మీలోని యువకులకు ఒక చిన్న పని అప్పగించుచున్నాము. పాత సైకిలు చక్రమొకటి తెచ్చి, ఇరుసును రెండు చేతులతో పట్టుకొని, మరియొకరిచే దానిని వేగముగా త్రిప్పించుడు. అటుపిమ్మట ఇరుసును వంచి చూడుడు. మీరు ఒకవైపు వంచిన అది మరియొకవైపు మరలి మీ చేతులతో పెనగులాడును. ఆ పెనగులాటలోనే ఓడల దిక్సూచియు, అపోలో పీఠమును పుట్టినవి. ఎందుకట్లు మరలినదో రాబోవు ఆదివారము ఇచ్చటనే మీరు మాకు చెప్పవలెను. చక్రము దొరకనివారు మాతో చెప్పినచో తెప్పించి యిచ్చెదము.